మర్హూమ్ ముహమ్మద్ రఫీ సాబ్ – పాట, పాటకు కట్టిన ఖరీదు

మన దేశంలో పాట వినే అలవాటున్న ఏ ఇంటిలోనైనా ముహమ్మద్ రఫీ సాబ్ గొంతు ఒక్కసారైనా మ్రోగి ఉంటుందంటే అతిశయోక్తి కాదు. ఆయన కన్నుమూసి నాలుగు దశాబ్దాలు దాటిపోయాయి. ఈలోగా గ్రామఫోను పోయింది, క్యాసెట్టు వచ్చి పోయింది, సీడీ కూడా పోయింది. ఇప్పుడు జేబులోని ఫోను తీసి పేరు చెబితే చాలు, ఇంటర్నెట్టు మీదుగా కోరిన పాట వచ్చి చెవిలో పడుతున్నది. దీనినే స్ట్రీమింగ్ అంటున్నారు. యంత్రాలు ఎన్ని మారినా గొంతు మాత్రం అదే. ఆ గొంతు గల మనిషి జీవితాన్ని పాఠకుల ముందు, ముఖ్యంగా మన యువకుల ముందు ఉంచాలన్నదే మా ఈ చిన్న ప్రయత్నం.

రఫీ సాబ్ పాటల మాధుర్యాన్ని గురించి ఎందరో పెద్దలు వ్రాశారు. మేము కొత్తగా చెప్పగలిగినది ఏమీ లేదు. కాబట్టి ఇక్కడ ఒక సంగతి మీదనే ఎక్కువగా దృష్టి నిలుపుతున్నాము. పాడినవానికి ఏమి ముట్టాలి? ఒకసారి ఉజ్రత్, అంటే కూలి, చేతిలో పడితే లెక్క తీరిపోయినట్లేనా? లేక ఆ పాట డబ్బు సంపాదించినంత కాలమూ అందులో అతనికి వంతు ఉండాలా? ఈ ప్రశ్న రఫీ సాబ్ జీవితంలో ఒక పెద్ద దుమారం లేపింది. అరవై ఏళ్ళు గడిచినా అది చల్లారలేదు. ఫోనులో పాట వినే ఈ రోజుల్లో మరింత ముదిరింది.

బాల్యము, విద్య

రఫీ సాబ్ 1924 డిసెంబరు 24న పంజాబులోని అమృత్‌సర్ జిల్లా కోట్లా సుల్తాన్ సింగ్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి పేరు హాజీ అలీ ముహమ్మద్. ఇంట్లో పిల్లవాణ్ణి ముద్దుగా ఫీకో అని పిలిచేవారు. ఆ పల్లె వీధుల్లో ఒక ఫకీరు పాడుకుంటూ తిరిగేవాడట. ఈ పిల్లవాడు అతని వెంటబడి పోయి, విన్నది విన్నట్లు పాడి చూపేవాడట. మొదటి ఉస్తాద్ ఆ ఫకీరే అనుకోవచ్చు.

1935లో కుటుంబం లాహోరుకు తరలివెళ్ళింది. తండ్రిగారు అక్కడ భాటీ గేట్ ప్రాంతంలోని నూర్ మొహల్లాలో క్షౌరశాల నడిపేవారు. ఈ సంగతి కావాలనే చెబుతున్నాము. రఫీ సాబ్ ఏ దర్బారు విద్వాంసుని కొడుకూ కాదు. ఖాన్‌దానీ ఘరానా పేరు వెనుక లేదు. చేతిపని చేసుకొని నిజాయితీగా బ్రతికే సాదా కుటుంబం వారిది. పని చేయడం, కూలి పుచ్చుకోవడం, సలాం చెప్పి ఇంటికి రావడం, ఇదే ఆ ఇంటి పద్ధతి. ఆయన ఆ తరువాత నడచిన నడకకు మూలం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం.

కుటుంబ మిత్రుడైన అబ్దుల్ హమీద్ గారు పిల్లవాని గొంతులోని సత్తా కనిపెట్టి పెద్దలను ఒప్పించారు. ఉస్తాద్ అబ్దుల్ వహీద్ ఖాన్, పండిత్ జీవన్ లాల్ మట్టూ, ఫీరోజ్ నిజామీ వంటి వారి దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. గురువుల్లో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. పదమూడేళ్ళ వయసులో లాహోరులో కె.ఎల్. సైగల్ గారి కచేరీ జరిగిన వేదిక మీదనే పాడే అవకాశం దొరికింది. ఆ తరువాత శ్యామ్ సుందర్ గారి సంగీతంలో పంజాబీ చిత్రం గుల్ బలోచ్ కోసం తొలి సినిమా పాట పాడారు. లాహోరు రేడియో కూడా పిలిచింది.

బొంబాయి

1944లో రఫీ సాబ్, హమీద్ గారితో కలిసి బొంబాయి చేరారు. భిండీ బజారులో పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గది అద్దెకు దొరికింది. ఇంతటి గదిలో ఇద్దరు మనుషులు, రోజూ రియాజ్! పక్కగదుల వారికి నిద్రాభంగం తప్పి ఉండదు. 1945లో గావ్ కీ గోరీ చిత్రానికి, 1946లో నౌషాద్ గారి సంగీతంలో అన్మోల్ ఘడీకి పాడారు. 1947లో వచ్చిన జుగ్నూలో నూర్ జహాన్ గారితో పాడిన యుగళగీతం దేశమంతా ప్రాకింది.

అదే సంవత్సరం దేశం రెండయింది. లాహోరు సరిహద్దుకు అటు పడిపోయింది. నూర్ జహాన్ గారు, ఫీరోజ్ నిజామీ గారు పాకిస్తాన్ వెళ్ళిపోయారు. రఫీ సాబ్ బొంబాయిలోనే నిలిచిపోయారు.

ఇక ఆయన గొంతు పలుకుబడి ఎంతటిదో చూడండి. 1948 జనవరిలో గాంధీజీ హత్య జరిగింది. దేశం దిగ్భ్రాంతిలో ఉండగానే కవి రాజేంద్ర కృష్ణ, సంగీత దర్శకులు హుస్న్‌లాల్ భగత్‌రామ్, రఫీ సాబ్ కలిసి బాపూ జీవితగాథను పాటగా తయారుచేశారు. ఆ పాట విని కంటతడి పెట్టని వారు లేరంటారు. ప్రధానమంత్రి నెహ్రూగారు రఫీ సాబ్‌ను తమ ఇంటికి పిలిపించుకొని పాడించుకున్నారు. ఆ ఏడు స్వాతంత్ర్య దినోత్సవం నాడు వెండి పతకం బహూకరించారు. అప్పటికి రఫీ సాబ్ వయసు ఇరవై నాలుగైనా నిండలేదు.

1952లో బైజూ బావ్రా వచ్చింది. అందులోని ప్రసిద్ధ భజన వ్రాసినది షకీల్ బదాయూనీ, బాణీ కట్టినది నౌషాద్, పాడినది ముహమ్మద్ రఫీ. ముగ్గురూ ముస్లిములే. ఆ భజన ఇప్పటికీ దేవాలయాల ఉత్సవాలలో మైకులో మ్రోగుతున్నది. విభజన గాయాలు పచ్చిగా ఉన్న ఆ రోజుల్లో ఎన్ని ఉపన్యాసాలు చేస్తే ఈ పని జరిగేది? కళాకారుని పలుకుబడి అంటే ఇదే. ఎన్నికలలో నిలవనక్కర లేదు, పదవి అక్కర లేదు. మనుషుల మధ్య గోడను ఒక పాట ఒక జానెడు దింపగలదు.

అయితే ఈ పలుకుబడిని ఆ కాలంలో కొలవడానికి కొలబద్ద లేదు. రేడియో సిలోన్‌కు శ్రోతలు వ్రాసే ఉత్తరాలు, దుకాణంలో అమ్ముడైన రికార్డులు, అంతే. ఇప్పుడు ఏ పాట ఎన్ని లక్షల సార్లు మ్రోగిందో అంకెల్లో కనిపిస్తుంది. కొలత ఇంత ఖచ్చితంగా ఉన్నప్పుడు ప్రతిఫలం కూడా అంత ఖచ్చితంగా ముట్టాలి కదా? ఆ సంగతికి తరువాత వస్తాము.

చేతికి ఎముక లేని మనిషి

రఫీ సాబ్ దాతృత్వం గురించి సినీరంగంలో చెప్పుకోని వారు లేరు. నిసార్ బజ్మీ అనే సంగీత దర్శకుడు తొలి రోజుల్లో చేతిలో పైసా లేక ఇబ్బందిపడుతుంటే, ఒక్క రూపాయి మాత్రం పుచ్చుకొని పాట పాడిపెట్టారు. ఈ బజ్మీ గారే తరువాత పాకిస్తాన్‌లో పెద్ద సంగీత దర్శకులైనారు. కొత్తవారి చిత్రమైనా, చిన్న నిర్మాత చిత్రమైనా రఫీ సాబ్ కాదనేవారు కారు. ఎందరో పేద వితంతువులకు పేరు తెలియకుండా మనియార్డరు పంపేవారనీ, ఆయన చనిపోయి డబ్బు ఆగిపోయాకనే పంపినవారెవరో వాళ్ళకు తెలిసిందనీ చెబుతారు. కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదనే పద్ధతి ఇది.

ఈ గుణం మనసులో పెట్టుకొని, ఇక ఆ దుమారం సంగతి చూద్దాము.

రాయల్టీ తగాదా

ఆ రోజుల్లో సినిమా పాటకు డబ్బు రెండు దారుల్లో వచ్చేది. చిత్రం ఆడితే టిక్కెట్ల డబ్బు ఒకటి. రికార్డులు అమ్ముడైతే గ్రామఫోను కంపెనీ ఇచ్చే రాయల్టీ రెండవది. ఈ రాయల్టీ నిర్మాతకు చెందేది. అందులో 5 శాతం వరకు నిర్మాతలు పేరున్న కొందరు సంగీత దర్శకులకు వదిలేవారు. పాడినవారికి మాత్రం రికార్డింగు రోజున ఇచ్చిన ఫీజు తప్ప మరేమీ లేదు. అంతెందుకు, తొలి రోజుల్లో రికార్డు మీద నేపథ్య గాయకుల పేరు కూడా వేసేవారు కారు. 1949లో మహల్ చిత్రం రికార్డు మీద లతా మంగేష్కర్ గారి పేరుకు బదులు చిత్రంలోని పాత్ర పేరు అచ్చువేశారు.

1960ల ఆరంభంలో లతాజీ ఒక ప్రశ్న లేవదీశారు. సంగీత దర్శకులకు ఇచ్చే ఆ 5 శాతంలో సగం గాయకులకు రావాలి, రికార్డు అమ్ముడయ్యేది మా గొంతుల వల్లనే కదా అన్నది ఆమె వాదన. స్త్రీలలో ఆమె అగ్రస్థానంలో ఉన్నారు, పురుషులలో రఫీ సాబ్ ఉన్నారు. ఇద్దరూ ఒక్కటై నిలబడితే నిర్మాతలు దిగివస్తారని ఆమె ఆశ.

రఫీ సాబ్ ఒప్పుకోలేదు. ఆయన ఆలోచన సూటిగా ఉండేది. ఒప్పుకున్న ఫీజు నాకు ముట్టింది, నా పని నేను చేశాను. చిత్రం ఆడితే లాభం నిర్మాతది. ఆడకపోతే నష్టం కూడా నిర్మాతదే, నా ఫీజు నేను తిరిగి ఇవ్వను కదా. కాబట్టి మా లెక్క అక్కడితో సరి అన్నది ఆయన నిలిచిన చోటు.

ఇద్దరి మధ్య మనస్పర్థ పెరిగింది. మాయా అనే చిత్రం పాట రికార్డింగులో, సంగీత దర్శకుడు సలిల్ చౌధురీ గారి ఎదుట, మాటా మాటా వచ్చింది. ఇకపై కలిసి పాడేది లేదన్నారు లతాజీ. ఆమెకు ఎంత ఇష్టమో నాకూ అంతే ఇష్టమన్న ధోరణిలో రఫీ సాబ్ ఊరుకున్నారు. కొన్ని సంవత్సరాలు ఇద్దరూ కలిసి పాడలేదు. ఆ కాలంలో యుగళగీతాలు ఎక్కువగా ఆశా భోంస్లే, సుమన్ కల్యాణ్‌పూర్ గార్లతో సాగాయి. చివరకు సంగీత దర్శకుడు జైకిషన్ గారు మధ్యవర్తిత్వం చేసి రాజీ కుదిర్చారు. 1967లో వచ్చిన జువెల్ థీఫ్ నాటికి మళ్ళీ ఇద్దరి గొంతులూ కలిశాయి.

ఇద్దరిలో ఎవరిది ఒప్పు? మేము రఫీ సాబ్ అభిమానులము. ఆయన మాటలో లోభం లేదు. తనకు రాగల డబ్బును తానే వద్దనుకున్నారు. ఒప్పందం అంటే ఒప్పందమే, మాట ఇచ్చాక మళ్ళీ చేయి చాపరాదన్నది కష్టజీవి ఇంట పుట్టినవాని నీతి. నష్టపోయిన చిన్న నిర్మాతల గోడు కూడా ఆయనకు తెలుసు.

అయినా న్యాయంగా ఆలోచిస్తే ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. దానం వేరు, హక్కు వేరు. తన వంతు తాను వదులుకోవడం రఫీ సాబ్ పెద్దమనసు. కాని అగ్రగాయకుడు వదులుకుంటే, ఆయన వెనుక నిలబడిన చిన్న గాయకులు నోరు తెరచి అడిగే వీలు ఉండదు. రఫీ సాబ్‌కు రేపు మరో పది పాటలు ఉంటాయి. ఏడాదికి రెండు పాటలు దొరికేవాని గతి ఏమిటి? 1948లో వచ్చిన షహీద్ చిత్రంలో రఫీ సాబ్‌తో పాటు ఒక దేశభక్తి గీతం పాడిన ఖాన్ మస్తానా సంగతే తీసుకోండి. ఆ పాట ఇప్పటికీ జాతీయ దినోత్సవాలలో వినిపిస్తుంది. అందులోని ఒక గొంతు కీర్తి శిఖరం ఎక్కింది. రెండవ గొంతు గల మనిషి చివరి రోజులు కటిక పేదరికంలో గడిచాయి. పాట ఒక్కటే, గతులు రెండు. ఆ పాటలో ఏ కొద్దిపాటి వంతు ఆయనకు నెలనెలా వచ్చినా కథ వేరుగా ఉండేది.

ఇక వాద్యకారుల సంగతి చెప్పనే అక్కరలేదు. వయొలిన్, శాక్సోఫోన్, ఢోలక్ వాయించినవారు వందల మంది. రికార్డు మీద పేరు లేదు, రాయల్టీ లేదు, రోజుకూలి లెక్క. ప్యారేలాల్ గారికి వయొలిన్ నేర్పిన ఆంథొనీ గొన్సాల్వెస్ గారి పేరు దేశానికి తెలిసినది, శిష్యుడు 1977లో అమర్ అక్బర్ ఆంథొనీ చిత్రంలో గురువు పేరు ఒక పాత్రకు పెట్టించినందువల్లనే. అది కూడా శిష్యుని భక్తి, చట్టం చేసిన మేలు కాదు.

తెలుగువారికి దగ్గరగా

రఫీ సాబ్ మన తెలుగు చిత్రాలకు కూడా పాడారు. 1962లో వచ్చిన హిందీ చిత్రం చైనా టౌన్‌లో షమ్మీ కపూర్‌కు పాడినది ఆయనే. దానినే తెలుగులో 1969లో భలే తమ్ముడుగా తీసినప్పుడు ఎన్.టి. రామారావు గారికి కూడా ఆయనే పాడారు. 1976లో ఆరాధన చిత్రంలో మళ్ళీ రామారావు గారికి పాడారు. రామారావు గారు దర్శకత్వం వహించి అక్బరుగా నటించిన అక్బర్ సలీం అనార్కలీలో, సి. రామచంద్ర గారి సంగీతానికి, సి. నారాయణరెడ్డి గారి మాటలకు, సలీం పాత్రధారి బాలకృష్ణ గారి కోసం పాడారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మనవంటి వారికి ఆ పాటలు వింటే రెండు గుమ్మాలూ ఒక్కసారి తెరచుకున్నట్లు ఉంటుంది. తెలుగు ఆయన పుట్టుక భాష కాదు. ఉచ్చారణలో అక్కడక్కడ పంజాబీ వాసన తగిలినా, అది కూడా మనకు ముద్దుగానే ఉంటుంది.

ఎత్తుపల్లాలు, చివరి రోజు

1967లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఫిల్మ్‌ఫేర్ బహుమతి ఆరుసార్లు వచ్చింది. 1969లో హిందీ ఆరాధన విడుదలైన తరువాత కిశోర్ కుమార్ గారి గాలి వీచింది. కొన్నేళ్ళు రఫీ సాబ్‌కు పాటలు తగ్గాయి. ఆయన ఎవరినీ నిందించలేదు, రియాజ్ మానలేదు. 1976లో లైలా మజ్నూ, 1977లో హమ్ కిసీసే కమ్ నహీఁ చిత్రాలతో మళ్ళీ ముందుకు వచ్చారు. ఆ రెండవ చిత్రంలోని పాటకు జాతీయ బహుమతి కూడా లభించింది. మొత్తం మీద నాలుగున్నర వేల దాకా పాటలు పాడారు. అందులో లక్ష్మీకాంత్ ప్యారేలాల్ గార్ల సంగీతంలోనే మూడు వందల అరవైకి పైగా ఉన్నాయి. ఆయన చివరి పాట కూడా వారి ఆస్ పాస్ చిత్రానిదే.

1980 జులై 31, గురువారం రాత్రి గుండెపోటుతో రఫీ సాబ్ బొంబాయిలో పరమపదించారు. వయసు 55 సంవత్సరాలు మాత్రమే. అది రంజాన్ నెల. మరునాడు శుక్రవారం, కుండపోత వర్షం. ఆ వానలోనే పది వేల మందికి పైగా జనం జనాజా వెంట నడిచారు. అందులో టోపీ పెట్టినవారు, బొట్టు పెట్టినవారు, తలపాగా చుట్టినవారు అందరూ ఉన్నారు. ప్రభుత్వం రెండు రోజులు సంతాప దినాలు ప్రకటించింది. జుహూ ఖబ్రస్తాన్‌లో దఫన్ చేశారు. 2010లో ఆ ఖబ్రస్తాన్‌లో కొత్త ఖబ్రులకు చోటు చాలక పాత కట్టడాలు తొలగించినప్పుడు, ఆయన సమాధి గుర్తు కూడా పోయింది. రాయి పోయింది, గొంతు మిగిలింది.

చట్టం ఎలా నడచింది

రఫీ సాబ్ పాడిన కాలంలో చాలా భాగం ఉన్నది 1957 నాటి కాపీరైటు చట్టం. అందులో కవికి, బాణీ కట్టినవానికి చోటు ఉన్నది గాని గాయకునికి చోటే లేదు. కవులకు, సంగీత దర్శకులకు కూడా 1977లో సుప్రీంకోర్టులో చుక్కెదురైంది. డబ్బు ఇచ్చి వ్రాయించుకున్న నిర్మాతే, వేరే ఒప్పందం లేకపోతే, పాటకు సొంతదారు అని తీర్పు వచ్చింది. ఆ తీర్పులోనే జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ గారు విడిగా ఒక మాట చేర్చారు. పాటకు ప్రాణం పోసే గాయకుణ్ణి చట్టం పట్టించుకోకపోవడం బాగులేదని, పార్లమెంటు దీనిని చూడాలని ఆయన భావం. అప్పటికి రఫీ సాబ్ జీవించే ఉన్నారు.

పార్లమెంటు మెల్లగా కదిలింది. 1994 సవరణలో కళాకారుల హక్కు అనే మాట చట్టంలోకి ఎక్కింది. కాని సినిమాకు పాడితే ఆ హక్కు పనికిరాదన్న మెలిక ఉంచారు. మన దేశంలో పాట అంటేనే సినిమా పాట. ఇక ఆ హక్కు ఎవరికి? చివరకు 2012లో పెద్ద సవరణ వచ్చింది. కవి జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభ సభ్యులుగా దీనికోసం గట్టిగా పోరాడారు. కవులు, సంగీత దర్శకులు తమ రాయల్టీ వంతును నిర్మాతకు గాని, కంపెనీకి గాని వ్రాసి ఇచ్చినా చెల్లదని చట్టం చెప్పింది. గాయకులు సినిమాకు పాడినా, ఆ గానం వ్యాపారానికి వాడితే రాయల్టీ రావాలన్నది. పాడినవారి పేరు చెప్పించుకునే హక్కు కూడా ఇచ్చింది. 2013లో గాయకులు తమ హక్కుల సంఘం పెట్టుకున్నారు. దాని సభ్యులలో లతాజీ కూడా ఉండేవారు. 1960ల ఆరంభంలో ఆమె లేపిన ప్రశ్నకు జవాబు రావడానికి యాభై ఏళ్ళు పట్టింది. రఫీ సాబ్ అప్పటికి వెళ్ళిపోయి మూడు దశాబ్దాలు దాటింది.

స్ట్రీమింగ్ లెక్క

ఇక నేటి సంగతి. 2017లో సరిగమ కంపెనీ, అంటే పాత హెచ్.ఎం.వి., కారవాన్ అనే పెట్టెలో ఐదు వేల పాత పాటలు నింపి అమ్మకానికి పెట్టింది. పాత పాటలు ఇంకా డబ్బు సంపాదించగలవని అందరికీ తెలిసివచ్చింది. 2019లో స్పాటిఫై మన దేశంలో అడుగుపెట్టింది. గానా, జియోసావన్ వంటివి అంతకు ముందే ఉన్నాయి.

వీటిలో డబ్బు పంపకం ఎలా జరుగుతుందో చాలామందికి తెలియదు. ఉదాహరణకు ఒకాయన నెలకు వంద రూపాయలు కట్టి, నెలంతా రఫీ సాబ్‌నే విన్నారనుకోండి. ఆ వంద రూపాయలు రఫీ సాబ్ పాటలకే చేరుతాయని మనం అనుకుంటాము. అలా కాదు. అందరి చందాలు, ప్రకటనల డబ్బు ఒకే గంపలో పడతాయి. సుమారు మూడింట రెండు వంతులు పాటల సొంతదారులకు ఇస్తామని స్పాటిఫై చెబుతున్నది. దానిని మొత్తం మ్రోగిన పాటల లెక్కన పంచుతారు. ఎవరి పాటలు కోట్లసార్లు మ్రోగితే వారికి గంపలో పెద్ద వాటా. ఆ వాటా కూడా నేరుగా గాయకునికి రాదు. సొంతదారైన కంపెనీకి పోతుంది. కంపెనీ నుండి గాయకునికి ఎంత వచ్చేదీ వారిద్దరి మధ్య కాగితం మీద ఏమి వ్రాసి ఉన్నదో దాని మీద ఆధారపడుతుంది. పైగా 2024 నుండి, గడచిన ఏడాదిలో వెయ్యిసార్లైనా మ్రోగని పాటకు స్పాటిఫైలో పైసా రాదు. ఊళ్ళో పాడుకునే కొత్త కుర్రవాడు ఆ గడప దాటేసరికే తల ప్రాణం తోకకు వస్తుంది.

ఇప్పుడు రఫీ సాబ్ వాదన మళ్ళీ జ్ఞాపకం చేసుకోండి. లాభనష్టాలు నిర్మాతవి, నా ఫీజు నాది. ఆ రోజుల్లో రికార్డు నాలుగేళ్ళు అమ్ముడై ఆగిపోయేది. నిర్మాత నష్టపడే ప్రమాదం నిజంగా ఉండేది. ఇప్పుడు పాటకు ముసలితనం లేదు. ఎప్పుడో పెట్టుబడి తిరిగి వచ్చిన పాట కూడా రాత్రింబవళ్ళు సంపాదిస్తూనే ఉంటుంది. అందుకని ఒకసారి ఇచ్చిన ఫీజుతో సరి అన్న లెక్క, అప్పట్లో ఎంత గౌరవంగా కనిపించినా, ఇప్పుడు పేద గాయకుని కడుపు నింపదు. రఫీ సాబ్ ఈ కాలంలో ఉంటే ఏమనేవారో చెప్పే సాహసం మేము చేయము. వితంతువులకు మనియార్డరు పంపిన మనిషి, పాడినవాని భార్యాబిడ్డలకు ఒక వంతు పోతుందంటే బాధపడి ఉండరని మాత్రం నమ్ముతున్నాము.

యువకులకు మనవి

మేము బడిపంతుళ్ళము. బ్యాండు మేళంలో వాయించేవారి పిల్లలు, ఖవ్వాలీ పాడేవారి పిల్లలు మా ముందు కూర్చుని చదువుకుంటారు. వారిలో కొందరికి గొంతు ఉన్నది. ఫోనులో పాడి నలుగురికీ వినిపిస్తున్నారు, వేలమంది వింటున్నారు, షాబాష్ అంటున్నారు. ఆ షాబాష్‌తో బియ్యం రావు. అందుచేత వారికి, వారి తల్లిదండ్రులకు కొన్ని మాటలు చెప్పదలచుకున్నాము.

ఎవరైనా మీ చేత పాడించి కాగితం మీద సంతకం అడిగితే, చదివి సంతకం చేయండి. చదవడం రాకపోతే చదివించుకోండి. పాట మీద మీ పేరు వేయమని అడగండి, అది చట్టం ఇచ్చిన హక్కు. ఫీజు వేరు, రాయల్టీ వేరు అని గుర్తుంచుకోండి. సినిమాకు గాని, రికార్డుకు గాని పాడితే, హక్కుల సంఘంలో చేరి పేరు నమోదు చేయించుకోండి. అడగడం సిగ్గుపడవలసిన పని కాదు. తాపీమేస్త్రీ కూలి అడుగుతాడు, దర్జీ కుట్టుకూలి అడుగుతాడు. పాటగాడు అడిగితే మాత్రం ఆశపోతు అనడం మన సమాజంలో ఉన్న ఒక చెడ్డ అలవాటు.

వినేవారికి కూడా ఒక మాట. పెళ్ళిలో, ఉర్సులో పాడించుకొని, తెల్లవారిన తరువాత కూలి దగ్గర బేరమాడే పెద్దలను మేము చూస్తూనే ఉన్నాము. వారే ఇంటికి పోయి రఫీ సాబ్ పాటకు కళ్ళు తుడుచుకుంటారు. రఫీ సాబ్ మీద ప్రేమ ఉంటే, మన మధ్య బ్రతికి ఉన్న గాయకునికి ఒప్పుకున్న డబ్బు ఆ రాత్రే చేతిలో పెట్టాలి.

రఫీ సాబ్ నుండి నేర్చుకోదగినవి వినయం, రియాజ్, మాట నిలబెట్టుకోవడం, గుప్తదానం. వీటిలో ఏ ఒక్కటీ పాతబడలేదు. లతాజీ నుండి నేర్చుకోవలసినది, తన కోసమే కాక నలుగురి కోసం హక్కు అడగడం. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. తన వంతు చేతికి వచ్చిన తరువాత దానిని దానం చేయాలో, దాచుకోవాలో కళాకారుని ఇష్టం. ముందు ఆ వంతు చేతికి రావాలి.

అల్లాహ్ మర్హూమ్ ముహమ్మద్ రఫీ సాబ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. మన పిల్లల గొంతులకు బర్కత్, వారి కష్టానికి తగిన కూలి లభించుగాక. ఆమీన్.